ఇవాన్ లెండిల్ కోచింగ్: ముర్రేకి ఎక్కడ పనికొచ్చింది, జ్వెరెవ్‌కి ఎందుకు కుదరలేదు

టెన్నిస్‌లో పేరున్న మాజీ ఆటగాణ్ణి కోచ్‌గా పెట్టుకోవడమంటే డబ్బిచ్చి ఒక సేవ తీసుకోవడమే. ఏడాదికి ఎన్ని వారాలు వస్తాడు, ఏ టోర్నమెంట్లకు ఉంటాడు, లేనప్పుడు ఎవరు చూసుకుంటారు అన్నవన్నీ ముందే మాట్లాడుకునే వ్యవహారం. కాబట్టి దీన్ని సేవగానే పరీక్షించాలి. అలా పరీక్షించడానికి ఇవాన్ లెండిల్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. బ్రిటన్ ఆటగాడు ఆండీ ముర్రే ఒక్కడే అతన్ని మూడుసార్లు పెట్టుకున్నాడు. రెండుసార్లు గ్రాండ్‌స్లామ్‌లు, అంటే టెన్నిస్‌లో అతిపెద్ద నాలుగు టోర్నమెంట్లలో టైటిళ్లు వచ్చాయి, మూడోసారి ఒక్క టూర్ టైటిల్ కూడా రాలేదు. మధ్యలో జర్మనీ ఆటగాడు అలెగ్జాండర్ జ్వెరెవ్ దగ్గర ఏడాది కూడా నిలవలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆట దాదాపు పూర్తిగా తయారై, పెద్ద ఫైనల్స్ దాకా వచ్చి అక్కడ ఆగిపోతున్న ఆటగాడికి లెండిల్ అంత మంచి కోచ్ అరుదు. స్ట్రోక్‌ను విప్పి మళ్లీ కట్టాల్సిన వాడికి, రోజూ పక్కనే మనిషి కావాల్సిన వాడికి అతను సరిపోడు.

ఇందుకు కారణం అతని సొంత కెరీర్‌లోనే ఉంది. 1960లో చెకోస్లొవేకియాలోని ఓస్ట్రావాలో పుట్టి, 1978లో ప్రొఫెషనల్ అయ్యాడు. మొత్తం 94 సింగిల్స్ టైటిళ్లు, 270 వారాలు నంబర్‌వన్, 8 గ్రాండ్‌స్లామ్‌లు. ఈ అంకెలు అందరికీ తెలిసినవే. కోచ్‌గా అతని విలువ మాత్రం వీటికి ముందు జరిగిన ఓటముల్లో ఉంది. 1981 ఫ్రెంచ్ ఫైనల్లో బోర్గ్ చేతిలో, 1982, 1983 యూఎస్ ఫైనల్స్‌లో కానర్స్ చేతిలో, 1983 ఆస్ట్రేలియన్ ఫైనల్లో విలాండర్ చేతిలో ఓడాడు. వరసగా నాలుగు. కీలక సమయంలో చేతులెత్తేస్తాడన్న పేరు పడిపోయింది. ఐదో ఫైనల్ 1984 ఫ్రెంచ్ ఓపెన్. అవతల మెకన్రో, ఆ ఏడాది అప్పటిదాకా ఒక్క మ్యాచ్ ఓడలేదు. 3-6, 2-6తో రెండు సెట్లు పోయాక లెండిల్ 6-4, 7-5, 7-5తో గెలిచాడు. తర్వాత 1985 నుంచి 1987 దాకా యూఎస్ ఓపెన్ వరసగా మూడేళ్లు అతనిదే. 1982 నుంచి 1989 దాకా ఎనిమిదేళ్లూ అక్కడ ఫైనల్ ఆడాడు.

ఓటముల నుంచి గెలుపులకు అతను ఎలా వచ్చాడో చూస్తే, తర్వాత ముర్రేకి ఏం అందించగలిగాడో అర్థమవుతుంది. శరీర దారుఢ్యం, ఆహారం, సాధన, పరికరాలు అన్నిటినీ ఒక పద్ధతిలో పెట్టాడు. రాకెట్ల సంగతే తీసుకుందాం. ప్రొఫెషనల్ మ్యాచ్‌లో మొదటి 7 గేమ్‌ల తర్వాత, ఆపైన ప్రతి 9 గేమ్‌లకూ కొత్త బంతులు వస్తాయి. లెండిల్ బంతులు మారినప్పుడల్లా రాకెట్ కూడా మార్చేవాడు. రాకెట్‌కు కట్టే సహజ గట్ (జంతువుల పేగుతో చేసిన) తీగలు కొట్టేకొద్దీ బిగువు కోల్పోతాయి, కొత్త బంతి పాతదానికంటే వేగంగా ఎగిరిపోతుంది. సడలిన తీగలతో కొత్త బంతిని కొడితే ఎప్పుడూ లోపల పడే షాట్ కొంచెం బయట పడుతుంది. ఆ కొంచెం కూడా అదృష్టానికి వదలకూడదన్నది అతని పట్టుదల. కోచ్‌గానూ అదే మనిషి.

ఇంకో సంగతి, లెండిల్ స్వయంగా ఇలాంటి సేవ తీసుకున్నవాడు. 1966 ఫ్రెంచ్ ఛాంపియన్, ఆస్ట్రేలియా ఎడమచేతి ఆటగాడు టోనీ రోచ్‌ను 1985లో కోచ్‌గా పెట్టుకున్నాడు. వాలీ (బంతి నేలను తాకకముందే కొట్టే షాట్) మెరుగుపరచుకుని, పచ్చిక మీద ఆడే వింబుల్డన్ గెలవడం అందులో పెద్ద లక్ష్యం. అది చివరికి నెరవేరలేదు. 1986లో బెకర్ చేతిలో, 1987లో పాట్ క్యాష్ చేతిలో ఫైనల్ ఓడాడు. 1990లో ఫ్రెంచ్ ఓపెన్ వదిలేసి మరీ పచ్చిక మీద సిద్ధమైనా సెమీస్‌లో ఎడ్‌బర్గ్ ఆపేశాడు. పచ్చిక మీద బంతి తక్కువ ఎత్తులో జారుకుంటూ వస్తుంది, లెండిల్ స్ట్రోక్‌లకు పొడుగాటి వెనక్కి స్వింగ్ కావాలి. వాలీ నేర్చుకోవచ్చు కానీ ఆ వయసులో అది చేతికి సహజంగా రాదు. గొప్ప కోచ్ దొరికినా కొన్ని లోపాలు పూర్తిగా పోవని అతనికి అనుభవంలో తెలుసు. వెన్ను నొప్పితో 1994లో ఆట మానేసి, దాదాపు 15 ఏళ్లు టెన్నిస్‌కు దూరంగా గోల్ఫ్‌తో గడిపాడు. ముర్రే పిలిచేనాటికి కోచ్‌గా అతనికి అనుభవం లేదు.

2011 డిసెంబర్ 31న ఆ ఒప్పందం ప్రకటించారు. అప్పటికి ముర్రే మూడు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్ ఆడాడు, మూడింట్లో కలిపి ఒక్క సెట్ గెలవలేదు. 2008 యూఎస్, 2010 ఆస్ట్రేలియన్ ఫెదరర్ చేతిలో, 2011 ఆస్ట్రేలియన్ జొకోవిచ్ చేతిలో. డిఫెన్స్, రిటర్న్, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ ప్రపంచంలో అగ్రశ్రేణివే. లోపాలు మూడు: ఒత్తిడిలో వెనక్కి తగ్గే ఫోర్‌హ్యాండ్, నెమ్మదైన రెండో సర్వ్ (మొదటిది తప్పితే వేసేది), పాయింట్ పోగానే తనవాళ్ల వైపు తిరిగి అరుస్తూ తనమీద తానే విరుచుకుపడే అలవాటు.

ఫోర్‌హ్యాండ్ సమస్యను కొంచెం విడమరచి చెప్పాలి. ముర్రే ఫోర్‌హ్యాండ్ చెడ్డది కాదు. కానీ స్కోరు బిగుసుకున్నప్పుడు దాన్ని క్రాస్‌కోర్టులో, అంటే ఏటవాలుగా అవతలి మూలకు, నెట్ మీద ఎత్తుగా, భద్రంగా ఆడేవాడు. అలా ఆడుతూ బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) నుంచి వెనక్కి జరిగిపోయేవాడు. జొకోవిచ్ స్థాయి వాడికి అలా ఒక్క అరక్షణం దొరికినా చాలు, ర్యాలీ అతని చేతిలోకి పోతుంది. మందు పైకి తేలికగానే కనిపిస్తుంది: ముందుకు నిలబడి, బంతి లేస్తుండగానే అందుకుని, లైన్ వెంబడి గట్టిగా కొట్టడం. కానీ కోర్టు కొలతలే దానికి అడ్డం. క్రాస్‌కోర్టులో మూల నుంచి మూలకు దాదాపు 82.5 అడుగులు, లైన్ వెంబడి 78 అడుగులే. నెట్ మధ్యలో 3 అడుగులుంటే సింగిల్స్ సైడ్‌లైన్ దగ్గర మూడున్నర. అంటే లైన్ వెంబడి కొట్టేటప్పుడు కోర్టు నాలుగున్నర అడుగులు తగ్గుతుంది, నెట్ అరడుగు పెరుగుతుంది. పైగా క్రాస్‌కోర్టుగా వచ్చిన బంతి దిశ మార్చాలి. షాట్ తప్పితే తిరుగు దాడికి కోర్టంతా ఖాళీ. ఒత్తిడిలో మనసు ఈ షాట్ వద్దంటుంది, అది సహజం. వేలసార్లు కొట్టి, తప్పినా మళ్లీ అదే కొట్టే అనుమతి కోచ్ నుంచి ఉంటే తప్ప ఎవరూ ఫైనల్లో ఐదో సెట్‌లో దాన్ని ఆడరు. ఫోర్‌హ్యాండ్‌తో ర్యాలీని శాసించి బతికిన లెండిల్ ఇచ్చింది ముఖ్యంగా ఆ అనుమతినే. ఇదే మాట వేరే కోచ్ చెప్పినా ముర్రే విని ఉండేవాడేమో. కానీ మొదటి నాలుగు ఫైనల్స్ ఓడి ఆ తర్వాత ఎనిమిది గెలిచినవాడు చెప్పినప్పుడు దానికి ఉండే బరువు వేరు.

రెండో సర్వ్ విషయంలో ఇంత స్పష్టంగా మార్పు వచ్చిందని చెప్పలేను. మెరుగుపడింది కానీ చివరిదాకా ముర్రే ఆటలో ప్రత్యర్థులు వెతికే చోటు అదే.

మొదటి ఫలితం ఒక ఓటమిలోనే కనిపించింది. 2012 ఆస్ట్రేలియన్ సెమీస్‌లో జొకోవిచ్‌తో 4 గంటల 50 నిమిషాలు, ఐదు సెట్లు పోరాడి ఓడాడు. అంతకుముందు ఏడాది అదే చోట ఫైనల్లో మూడు వరస సెట్లలో కూలిన ఆటగాడు కాడు ఇతను. వింబుల్డన్ ఫైనల్లో ఫెదరర్‌పై తొలి సెట్ గెలిచి ఓడాడు. లెండిల్‌కు మల్లే ముర్రేకీ నాలుగు ఫైనల్స్, నాలుగు ఓటములు. నాలుగు వారాలకు అదే సెంటర్ కోర్టులో ఒలింపిక్ ఫైనల్లో అదే ఫెదరర్‌ను 6-2, 6-1, 6-4తో ఓడించాడు. ఆ స్కోరు చూస్తే ఎవరికైనా లోపల ఏదో మారిందని తెలుస్తుంది.

ఐదో ఫైనల్ 2012 యూఎస్ ఓపెన్. గాలి బాగా వీస్తున్న రోజు. మొదటి సెట్ టైబ్రేక్ 12-10 దాకా పోయింది. 7-6, 7-5తో రెండు సెట్లు తెచ్చుకున్నాక జొకోవిచ్ 6-2, 6-3తో సమం చేశాడు. పాత ముర్రే అయితే ఇక్కడే విరిగిపోయేవాడని ఆట చూసేవాళ్లందరికీ తెలుసు. ఐదో సెట్ 6-2తో ముర్రేది, మొత్తం 4 గంటల 54 నిమిషాలు. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, ఆ రోజుల్లో గ్రాండ్‌స్లామ్ పురుషుల మ్యాచ్‌లో కోచ్ నోరు విప్పకూడదు. సైగ కూడా నిషేధమే. పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ అయిన ఏటీపీ టూర్‌లో గ్యాలరీ నుంచి సలహాలను ప్రయోగంగా అనుమతించింది 2022 జులైలో. కాబట్టి ఆ ఐదో సెట్‌లో కనిపించినదంతా అంతకుముందు ఎనిమిది నెలల్లో పోగైన పనే. లెండిల్ గ్యాలరీలో ముర్రే బృందం మధ్య కూర్చుని ముఖంలో ఏ భావమూ లేకుండా చూస్తుండేవాడు. అదీ పనిలో భాగమే అనుకుంటాను. తనవాళ్ల వైపు తిరిగి అరిచే ఆటగాడికి అటునుంచి ఏ స్పందనా రాకపోతే అరవడం తగ్గుతుంది.

2013 వింబుల్డన్ ఫైనల్‌కు వచ్చేసరికి ఈ నిలకడ పూర్తిగా వంటబట్టింది. 6-4, 7-5, 5-4 దగ్గర 40-0, మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు. మూడూ పోయాయి. ఆ గేమ్‌లోనే జొకోవిచ్‌కు మూడు బ్రేక్ పాయింట్లు (సర్వ్ చేసేవాడి గేమ్ లాక్కునే అవకాశాలు) వచ్చాయి, ముర్రే మూడూ కాపాడుకుని నాలుగో అవకాశంలో ముగించాడు. 1936లో ఫ్రెడ్ పెర్రీ తర్వాత వింబుల్డన్ పురుషుల సింగిల్స్ గెలిచిన తొలి బ్రిటన్ ఆటగాడు.

ఈ సేవలో చాలామంది పట్టించుకోని సగం ఒకటుంది. లెండిల్ ఏడాదంతా తిరగడు. కొన్ని వారాల శిక్షణ, పెద్ద టోర్నమెంట్లు, అంతే. రోజువారీ సాధన, ప్రత్యర్థుల పరిశీలన, బంతులు అందించడం, వార్మప్ అన్నీ డానీ వల్వెర్డు చూసేవాడు. బార్సిలోనాలో అకాడమీ రోజుల నుంచి ముర్రే స్నేహితుడు. రెండో విడతలో ఆ పని జేమీ డెల్గాడోది. పైనున్న పేరు చెప్పిన దాన్ని రోజూ ఉదయం కోర్టులో అమలు చేసే మనిషి లేకపోతే, ఆ మాటలు మూడు వారాల్లో ఆవిరైపోతాయి. లెండిల్‌కు దక్కే ఘనతలో ఈ ఇద్దరికీ మంచి వాటా ఇవ్వాలి. వాళ్ల పేర్లు ఇంత తక్కువగా వినబడటం నాకు బాధగా ఉంటుంది.

2014 మార్చిలో విడిపోయారు. ఆ తర్వాత కోచ్‌గా వచ్చిన ఫ్రాన్స్ మాజీ క్రీడాకారిణి అమెలీ మౌరెస్మో కాలాన్ని వృథాగా చూపించడం అన్యాయం. ముర్రే మట్టి కోర్టు మీద తొలి టైటిళ్లు, మ్యూనిక్, మాడ్రిడ్, 2015లో ఆమె హయాంలోనే గెలిచాడు. వెన్ను ఆపరేషన్ తర్వాత ఆటను మళ్లీ నిలబెట్టింది ఆమే. 2015, 2016 ఆస్ట్రేలియన్ ఫైనల్స్‌కు చేరాడు, రెండూ జొకోవిచ్‌కు పోయాయి. ఆమెతో విడిపోయాక 2016 ఫ్రెంచ్ ఫైనల్ కూడా అంతే. మళ్లీ లెండిల్ మందు పనిచేసే స్థితి వచ్చింది: ఆట సిద్ధం, ముగింపు కుదరడం లేదు.

2016 జూన్‌లో తిరిగి పిలిచాడు. క్వీన్స్, వింబుల్డన్, రియో ఒలింపిక్ స్వర్ణం వరసగా వచ్చాయి. ఏడాది చివర బీజింగ్, షాంఘై, వియన్నా, పారిస్, లండన్ ఐదు టోర్నమెంట్లూ గెలిచాడు, నవంబర్‌లో పారిస్ తర్వాత నంబర్‌వన్ అయ్యాడు. ఆ సీజన్ మొత్తం 78 విజయాలు, 9 టైటిళ్లు. ఇందులో లెండిల్ వాటా ఎంత? ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక జొకోవిచ్ ఆట తగ్గింది, వింబుల్డన్ మూడో రౌండ్లోనే ఓడాడు, అది ముర్రేకి దారి తెరిచింది. కానీ సీజన్ చివరి మ్యాచ్‌లో, ఏడాదిని నంబర్‌వన్‌గా ముగించేది ఎవరో తేలే రోజున జొకోవిచ్‌ను 6-3, 6-4తో ఓడించడం దారి తెరుచుకోవడం వల్ల వచ్చేది కాదు. ఆ అలుపెరగని పరుగుకు మూల్యం 2017లో తుంటి చెల్లించింది. అంత భారీ సీజన్‌లో టోర్నమెంట్లు కొన్ని తగ్గించమని చెప్పడం కూడా కోచ్ బృందం పనే. ఆ లెక్కలో ఈ విడతకు పూర్తి మార్కులు వెయ్యలేను. 2017 నవంబర్‌లో రెండోసారి విడిపోయారు.

జ్వెరెవ్ కథ వేరు. 2018 ఆగస్టులో పెట్టుకున్నాడు. నవంబర్‌లో లండన్‌లో ఫెదరర్‌నీ జొకోవిచ్‌నీ వరసగా ఓడించి సీజన్ చివరి పెద్ద టోర్నమెంట్ ఏటీపీ ఫైనల్స్ గెలిచాడు. అప్పుడు అందరూ ఇక గ్రాండ్‌స్లామ్ ఎంతో దూరం లేదనుకున్నారు. 2019 జులైకల్లా విడిపోయారు. లెండిల్ ధ్యాస తనమీద కంటే గోల్ఫ్ మీద, కుక్క మీద ఉందని జ్వెరెవ్ బహిరంగంగానే అన్నాడు. ఆ మాటల్లో న్యాయం ఎంతన్నది పక్కన పెట్టి ఆట వైపు చూద్దాం. జ్వెరెవ్ ఇబ్బంది ఫైనల్స్ ముగించలేకపోవడం కాదు, అప్పటికింకా గ్రాండ్‌స్లామ్ ఫైనల్ చేరనేలేదు. అతని బాధ రెండో సర్వ్. విడిపోయిన మరుసటి నెలలోనే సిన్సినాటిలో ఒకే మ్యాచ్‌లో 20 డబుల్ ఫాల్ట్‌లు (రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోవడం) చేశాడు.

ముర్రే రెండో సర్వ్ నెమ్మది, జ్వెరెవ్‌ది అదుపు తప్పడం. రెండూ ఒకటి కావు. నెమ్మదైన సర్వ్‌కు ధైర్యం, బరువు కావాలి. తప్పిపోయే సర్వ్‌కు టాస్ (సర్వ్ కోసం బంతిని పైకి ఎగరేయడం) ఎత్తు, టాస్ పడే చోటు, పైకి తుడిచే చేతి వేగం అన్నీ మళ్లీ ఒక లయలో కూర్చాలి. భయంతో చెయ్యి నెమ్మదిస్తే బంతికి స్పిన్ అందదు. స్పిన్ లేని బంతి కిందికి వంగదు, 21 అడుగుల సర్వీస్ బాక్స్ దాటిపోతుంది. వేగం తగ్గించడం భద్రత అనిపిస్తుంది కానీ జరిగేది దానికి ఉల్టా. దీన్ని సరిచెయ్యడం రోజూ బుట్టెడు బంతులతో నెలల తరబడి చేసే పని, ఏడాదికి కొన్ని వారాలు వచ్చే మనిషి చేతిలో అయ్యేది కాదు.

మూడో విడత 2022 మార్చి నుంచి 2023 నవంబర్ దాకా. 2019లో తుంటికి లోహపు తొడుగు వేయించుకున్న ముర్రే స్టుట్‌గార్ట్, దోహా ఫైనల్స్ ఆడి ఓడాడు. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో కొకినాకిస్‌పై రెండు సెట్లు వెనకబడి 5 గంటల 45 నిమిషాల్లో గెలిచాడు. మనసు చెక్కుచెదరలేదు, కాళ్లు సహకరించలేదు. లోపం శరీరంలో ఉన్నప్పుడు మనసును గట్టిపరిచే కోచ్ వల్ల ఒరిగేది తక్కువ.

ఇక ముర్రే స్వయంగా కోచ్ అయ్యాడు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌తో ఆట ముగించి, నవంబర్‌లోనే జొకోవిచ్ బృందంలో చేరాడు. ఇద్దరి పుట్టినరోజులకు వారమే తేడా, 36 సార్లు తలపడితే 25 జొకోవిచ్‌వి. 2025 ఆస్ట్రేలియన్ క్వార్టర్స్‌లో జొకోవిచ్ తొడ నొప్పితోనే అల్కరాజ్‌ను నాలుగు సెట్లలో ఓడించాడు, సెమీస్‌లో తొలి సెట్ పోయాక తప్పుకున్నాడు. మయామి ఫైనల్లో మెన్షిక్‌కు రెండు టైబ్రేక్‌లలో ఓటమి, మాంటే కార్లో, మాడ్రిడ్‌లలో తొలి మ్యాచ్‌లోనే ఇంటికి. మే నెలలో విడిపోయారు. ఇది విఫలమైన సేవ అనను, ఆరు నెలలు మాత్రమే దొరికిన సేవ అంటాను. అయితే కోచ్ మార్చడానికి జొకోవిచ్ ఆటలో లోటు ఏమిటో బయటినుంచి చూసేవాడికి కనబడలేదు. ముగించడం తెలియక పిలిచిన మనిషి కాడు, 24 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచినవాడు. ముర్రే ఓటముల నుంచి నేర్చుకున్న విద్య అతనికి అవసరం లేదు. ఫైనల్స్ అంచున ఉన్న, రిటర్న్, డిఫెన్స్ మీద బతికే యువ ఆటగాడి దగ్గర ముర్రే కోచింగ్ చాలా బాగా పనిచేస్తుందని నా గట్టి నమ్మకం.

పెద్ద స్థాయిలోనే కాదు, తమ పిల్లల కోసం మాజీ ప్రొఫెషనల్‌ను వెతికేవాళ్లూ ఇవే చూసుకోవాలి. ర్యాంకు అడిగే ముందు, ఆటగాడిగా అతను ఏ లోపంతో తంటాలు పడి ఎలా బయటపడ్డాడో అడగండి. ఆ లోపం మీ పిల్లల లోపానికి దగ్గరగా ఉంటే మంచి సూచన. పుట్టుకతోనే గొప్ప సర్వ్ ఉన్నవాడు తరచుగా సర్వ్ నేర్పలేడు, ఎందుకంటే అది అతనికి ఎప్పుడూ సమస్య కాలేదు. వారానికి ఎన్ని గంటలు అతనే కోర్టులో ఉంటాడో, మిగతా గంటలు ఎవరు చూస్తారో పేరుతో సహా రాయించుకోండి. ఆ రెండో మనిషి సాధనను ఒకసారి పూర్తిగా చూడండి. మొదటి నెలలో ఒకేసారి గ్రిప్, స్టాన్స్, సర్వ్ మూడూ మార్చేస్తుంటే ఆపమని అడగాలి. అలా మారిస్తే ఏ మార్పు పనిచేసిందో ఎవరికీ తెలియదు, మ్యాచ్‌లో పిల్లవాడు పాతదానికీ కొత్తదానికీ మధ్య ఇరుక్కుంటాడు. రెండో సర్వ్‌ను 30-40 స్కోరులో ఉన్నట్టు ఊహించుకుని రోజూ కొట్టిస్తున్నాడా, లేక మామూలు బుట్ట సాధనతో సరిపెడుతున్నాడా అన్నది కూడా గమనించండి. మూడు నెలలకొకసారి ఒక మ్యాచ్‌ను వీడియో తీసి, డబుల్ ఫాల్ట్‌లు, బ్రేక్ పాయింట్ల మీద ఆడిన షాట్ల దిశ రాసుకుని, మొదటి నెల వీడియోతో పోల్చి కోచ్ ముందు పెట్టండి.